సొంతమాటల్లో రాయండి సారూ!

మే నెలలో యాదగిరిగుట్టకు రెండు రకాల జనం వస్తారు. మొక్కు ఉండి వచ్చేవాళ్లు కొందరు. ఆర్డర్ ఉండి వచ్చేవాళ్లు కొందరు. మొదటివాళ్లు భక్తులు, రెండోవాళ్లు టీచర్లు. ఎండకు కాళ్లు కాలినా భక్తుడికి పుణ్యం దక్కుతుంది, చేతికి లడ్డూ పులిహోరా వస్తాయి. టీచరుకు వచ్చేది పార్టిసిపేషన్ సర్టిఫికెట్. గుట్టే కాదు, ఆలేరు, భువనగిరి, నల్లగొండ, పాలమూరు... ఎక్కడ చూసినా ఇదే తంతు.

ఏప్రిల్ చివర బడులకు సెలవులిస్తారు. జూన్ 12న తెరుస్తారు. నడుమ మే నెల ఖాళీగా కనిపిస్తే విద్యాశాఖకు నిద్ర పడుతుందా? 2025లో రాష్ట్రమంతా విడతలవారీగా, ఒక్కో విడత ఐదేసి రోజులు శిక్షణ నడిచింది. శిక్షణ వద్దని ఎవరన్నారు? టీచరు ఏటా కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెప్పింది. మంచిదే. గంటలు లెక్కపెట్టడం మన ఆఫీసులకు బాగా వచ్చు. ఆ గంటల్లో ఏం జరిగిందో చూడటమే రాదు.

మిగతావన్నీ పక్కన పెడదాం. ఒక్క రాత సంగతే తీసుకుందాం. పిల్లకు నాలుగు వాక్యాలు సొంతంగా రాయడం నేర్పాలంటే సారుకు ఏముండాలి? తాను ఎప్పుడైనా నాలుగు వాక్యాలు సొంతంగా రాసిన అనుభవం ఉండాలి. ఈత రానివాడు ఒడ్డున నిలబడి చేతులాడించమంటే ఎవరైనా చెరువులో దిగుతారా? ఇంత చిన్న విషయం అంత పెద్ద శాఖకు ఎక్కదెందుకు?

మన శిక్షణ హాల్లో అన్నీ ఉంటాయి. మొదటి గంట స్వాగతం, జ్యోతి ప్రజ్వలన. రెండో గంట ప్రొజెక్టర్‌తో కుస్తీ. తర్వాత స్లైడ్లు. స్లైడు మీద ఉన్నదాన్ని రిసోర్స్ పర్సన్ పైకి చదువుతాడు. ఎదుట కూర్చున్నవాళ్లు పీజీలు, బీఈడీలు చేసినవాళ్లు. వాళ్లకు చదవడం రాదనా? పాపం, ఆయన తప్పేం లేదు. ఆయనకు జిల్లాలో ఒకరు అలాగే చదివి వినిపించారు. ఆ జిల్లా ఆయనకు హైదరాబాద్‌లో ఇంకొకరు చదివి వినిపించారు. చేతులు మారేకొద్దీ సరుకు తరిగిపోతుంది. స్లైడు మాత్రం చెక్కుచెదరదు.

మధ్యాహ్నం గ్రూప్ వర్క్. ఒక చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు. ‘విద్యార్థులలో లేఖన నైపుణ్యాలను పెంపొందించు వ్యూహములు’ అని పైన రంగుల్లో శీర్షిక. కింద ఐదు పాయింట్లు. చేతిరాత బాగున్న మేడం ఎవరో ఒకరు రాస్తారు. మిగతావాళ్లు ఫొటోకు నిలబడతారు. ఫొటో వాట్సాప్ గ్రూపులోకి పోతుంది. మండలం జిల్లాకు పంపుతుంది, జిల్లా రాష్ట్రానికి పంపుతుంది. శిక్షణ విజయవంతం!

ఐదు రోజుల్లో ఒక్క టీచరైనా ఒక్క పేజీ రాశాడా? తన ఊరి గురించో, తన క్లాసులో నోరు విప్పని పిల్ల గురించో? రాసింది పక్కవాళ్లకు చదివి వినిపించాడా? వాళ్లు పెదవి విరిస్తే కొట్టేసి మళ్లీ రాశాడా? గంత టైం యాడుంది సారూ! ఫీడ్‌బ్యాక్ ఫామ్ నింపాలె, పోస్ట్ టెస్ట్ టిక్కులు పెట్టాలె.

తప్పంతా టీచర్లదే అనుకునేరు. వాళ్లను ఎలా ఎంచుకున్నారో చూడండి. టెట్‌లో 150 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ పెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. స్కూల్ అసిస్టెంట్‌కు 160 బిట్లు, 80 మార్కులు. మిగతా 20 టెట్ వెయిటేజీ. తెలుగు సారుకైనా అంతే. కవి ఎవరో క్లిక్, సంధి ఏదో క్లిక్, సమాసం ఏదో క్లిక్. వ్యాసం ఎలా రాయించాలన్నదానికీ క్లిక్కే! ఒక్క పేరా అయినా రాయించారా? లేదు. రాయకుండానే ఉద్యోగం, రాయకుండానే శిక్షణ, రాయకుండానే ప్రమోషన్. ఆరో తరగతి పిల్ల మాత్రం ‘స్వీయరచన’ చేయాలి.

సార్లు అసలు పెన్నే పట్టరని కాదు. ఏడాదంతా రాస్తూనే ఉంటారు. మధ్యాహ్న భోజనం లెక్కలు రాస్తారు. యూడైస్‌కు బడి వివరాలు రాస్తారు. నిరుటి లెసన్ ప్లాన్‌కు ఈ ఏటి తేదీ వేసి మళ్లీ రాస్తారు. రిజిస్టర్ చూసి యాప్‌లో ఎక్కిస్తారు, యాప్ చూసి రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. ఎక్కించడం వేరు, రాయడం వేరని వాళ్లకు ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాళ్లే ఎక్కించమని ఫోన్లు చేస్తుంటే?

దీని ఫలితం నోటుపుస్తకాల్లో కనిపిస్తుంది. 2014-15లో పదో తరగతికి కొత్త పరీక్షా విధానం తెచ్చారు. బట్టీకి కాలం చెల్లిందన్నారు. పాఠం చివర ‘సొంతమాటల్లో రాయండి’ అని అచ్చేశారు. గైడ్లవాళ్లు శాఖ కంటే చురుకైనవాళ్లు. సొంతమాటలను కూడా అచ్చేసి అమ్మకానికి పెట్టారు. లేఖ కావాలా, కరపత్రం కావాలా, ఇంటర్వ్యూ ప్రశ్నలు కావాలా? అన్నీ రెడీ. ‘మీ ఊరి జాతర గురించి రాయండి’ అంటే గుట్ట పిల్ల గైడు తెరుస్తుంది. ఫాల్గుణంలో కళ్లెదుట నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు జరుగుతుంటాయి. ఆమె నోటుబుక్కులో మాత్రం ఏ ఊరిదో తెలియని జాతర సాగుతుంటుంది. సారు ఎర్ర పెన్నుతో ‘గుడ్’ అంటాడు. ఇంటర్నల్ మార్కులు ఇరవైకి ఇరవై. ఎవరు ఎవరిని మోసం చేస్తున్నట్టు?

పట్టుకునేవాడూ లేడు. అసర్ సర్వేవాళ్లు పల్లెలకొచ్చి చదవడం వచ్చా, లెక్కలు వచ్చా అని చూస్తారు. జాతీయ సాధన సర్వేలో పిల్లలు జవాబు ఎంచుకుంటారు. పిల్ల సొంతంగా ఓ పేరా రాయగలదా అని అడిగేదెవరు? కొలవని సంగతిలో ఫెయిలైనట్టు ఎవరికీ తెలియదు. అధికారులకు ఇంతకంటే హాయి ఏముంది?

రాతలో అసలు పని తిరగరాయడం. దిద్దుకోవడం, కొట్టేయడం, మళ్లీ మొదలుపెట్టడం. గుట్ట ఉన్న ఈ జిల్లాలో అంత శ్రద్ధగా తిరగరాసింది బోర్డులే. యాదగిరిగుట్ట అని ఉన్నదాన్ని గత ప్రభుత్వం యాదాద్రి అని దిద్దింది. 2024 నవంబరులో ఈ ప్రభుత్వం మళ్లీ యాదగిరిగుట్ట అని దిద్దమంది. జిల్లా పేరులో యాదాద్రి అట్లాగే ఉండిపోయింది. మొదటి డ్రాఫ్టే బాగుందని తేలడానికి ఇన్నేళ్లు పట్టిందన్నమాట! ఇందులో సగం ఓపిక ఒక ఏడో తరగతి పిల్ల రాసిన పేరా మీద ఎవరైనా పెట్టారా? అదే గుట్ట మీద గుడి విమాన గోపురానికి 68 కిలోల బంగారం తాపడం చేశారు. 2025 ఫిబ్రవరి 23న ఘనంగా ఆవిష్కరించారు. స్వామికి చేసిందాన్ని ఎవరూ కాదనరు. కానీ గుట్ట కింద పిల్ల రాతకు ఇత్తడి పూత కూడా దొరకదేం?

దారి తెలియక ఆగామా? 1974లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జేమ్స్ గ్రే అనే ఆయన వేసవిలో బడి టీచర్లను పోగేశాడు. ఉపన్యాసాలు దంచలేదు. మీరే రాయండి అన్నాడు. రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకోమన్నాడు. తరగతిలో తమకు పనికొచ్చిన పద్ధతిని తోటి టీచర్లకు టీచర్లే నేర్పారు. అదే తర్వాత అమెరికా అంతటా పాకి నేషనల్ రైటింగ్ ప్రాజెక్ట్ అయింది. పై నుంచి స్లైడు దిగలేదు, కింద నుంచి రాత పైకెక్కింది.

అమెరికా ముచ్చట మనకెందుకంటారా? సరే, ఇంటి ముచ్చటే చూడండి. 1922లోనే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక నడిపాడు. నిజాం కాలం, ఉర్దూ రాజ్యం. ఏ శాఖా ఆయనకు శిక్షణ ఇవ్వలేదు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చేసి ముందు పెట్టాడు. ఇవ్వాళ ఎవరైనా ‘మీ బడుల్లో రాసే సార్లే లేరు’ అంటే శాఖ ఏం తీసి ముందు పెడుతుంది? ఐదు రోజుల హాజరు పట్టికా?

టీచర్లూ తక్కువేం తినలేదు. సెలవుల్లో శిక్షణకు సంపాదిత సెలవులు అడుగుతారు. న్యాయమే. హాల్లో కూలర్ అడుగుతారు. అదీ న్యాయమే. మమ్మల్ని రాయనివ్వండని ఎన్నడైనా అడిగారా? పొద్దున సంతకం, మధ్యాహ్నం బస్సు. ఇచ్చేవాడు మొక్కుబడిగా ఇస్తే, పుచ్చుకునేవాడు మొక్కుబడిగా పుచ్చుకుంటాడు.

వచ్చే మే నెలకు ఒక్క పని చేయండి. ప్రొజెక్టర్‌ను బీరువాలో పెట్టి తాళం వేయండి. తలా పది తెల్లకాగితాలు ఇవ్వండి. టీచరు, రిసోర్స్ పర్సన్, ఎంఈవో, డీఈవో అందరూ ఒకే బెంచీ మీద కూర్చోండి. ‘నేను బడిలో చూసిన ఒక అన్యాయం’ అని ఒక పేజీ రాయండి. షరతు ఒక్కటే. ‘గుణాత్మక విద్య’, ‘పెంపొందించుట’, ‘తగు చర్యలు గైకొనవలెను’ అనే మాటలు రాకూడదు. రాసింది అందరి ముందూ చదవండి. తిట్లు తినండి. మళ్లీ రాయండి. ఐదో రోజు అన్నీ కలిపి కుట్టి బడికో కాపీ పంపండి. పెద్ద సార్ల రాతలు పిల్లలు చదివి మార్కులు వేస్తారు.

రాయగలిగినవాళ్లు శిక్షణ ఇవ్వండి. రాయలేనివాళ్లు కూర్చుని నేర్చుకోండి. రెండూ కుదరవంటే ఆ టీచర్లను ఇంటి పట్టున ఉండనివ్వండి. పాఠం చివర ‘సొంతమాటల్లో రాయండి’ అన్న ఆ వాక్యాన్ని కూడా కొట్టేయండి. పిల్లలకు అబద్ధం నేర్పడానికి ఐదు రోజుల శిక్షణ అక్కర్లేదు.