మిగతా రెండు చేతులు

మొన్న ఆదివారం మా వాడు సోఫాలో కాళ్లు ముడుచుకుని ఆడుకుంటూ, "నాన్నా, నాకు మచాంప్ వచ్చేసింది" అన్నాడు. తల కూడా ఎత్తలేదు. నేను చేతిలో పని వదిలేసి వెళ్లి చూశాను. తెర మీద నిజంగానే నిలబడి ఉంది. బూడిద రంగు ఒళ్లు, నెత్తి మీద మూడు గట్లు, నడుముకి బెల్టు, నాలుగు చేతులు.

"ఎవరితో మార్చుకున్నావురా?" అన్నాను.

"ఎవరితోనూ కాదు. తాడు వాడా."

అంతే. వాడు ఇంకోదాని వెంట పడ్డాడు. నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. నాకు కోపం వచ్చింది. పిల్లాడి మీద కాదు. ఆ తాడు మీద.

పోకెమాన్ ఆడని వాళ్లకి ఈ గొడవ అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆ ఆటలో 66వ నంబరు మచాప్. 80 సెంటీమీటర్ల పొట్టిది, 19.5 కిలోలు. దాన్ని సాకి 28వ లెవెలుకి తెస్తే మచోక్ అవుతుంది. దాని కండలు ఎంత బలమైనవంటే, ఆ బలాన్ని అదుపులో పెట్టుకోవడానికి నడుముకి బెల్టు కట్టుకుని తిరుగుతుంది. ఆ తర్వాతిది, 68వది, మచాంప్. 1.6 మీటర్ల ఎత్తు, 130 కిలోల బరువు, నాలుగు చేతులు. జపాన్‌లో వీటి పేర్లు వాన్‌రికీ, గోరికీ, కైరికీ. మూడింటిలోనూ రికీ అంటే బలమే. చివరి పేరుకి మనిషికి మించిన బలం అని అర్థం.

మచోక్ మచాంప్ కావడానికి లెవెళ్లు పనికిరావు. 28 నుంచి 100 దాకా రాత్రింబవళ్లు కష్టపడి పెంచినా మచోక్ మచోక్‌గానే ఉంటుంది. రెండు చేతులతోనే ఉంటుంది. అప్పటి ఆటల్లో దాన్ని ఇంకో మనిషికి ఇవ్వాలి. మీ గేమ్ బాయ్‌కీ ఆ మనిషి గేమ్ బాయ్‌కీ మధ్య కేబుల్ పెట్టి, నమ్మి, చేతులారా ఇచ్చేయాలి. అవతలి వైపు చేరాక అప్పుడు మొలుస్తాయి మిగతా రెండు చేతులు. కడాబ్రా, గ్రావెలర్, హాంటర్‌ల సంగతీ అంతే. కానీ బలానికి మారుపేరైన జీవికి ఈ నియమం పెట్టారు చూడండి, దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒంటరిగా ఎంత పెరిగినా సగమే.

ఈ ఆట పుట్టిందే కేబుల్ మీద. దీన్ని ఊహించిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకునే పిల్లాడు. గేమ్ బాయ్ కేబుల్ చూడగానే ఆయనకి తట్టింది, ఆ తీగ వెంట పురుగులు అటు నుంచి ఇటు పాకుతూ వెళ్లడమట. జపాన్‌లో 1996 ఫిబ్రవరిలో ఒకే ఆటని ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా అమ్మారు. ఎరుపులో దొరికేవి కొన్ని ఆకుపచ్చలో దొరకవు. కావాలంటే ఆ రెండోది ఉన్నవాడి ఇంటికి వెళ్లాల్సిందే. అమెరికాలో 1998 సెప్టెంబరులో ఎరుపు, నీలం వచ్చాయి.

ఆ మరుసటి ఏడాది మేం న్యూజెర్సీలో దిగాం. వైటూకే పని మీద వచ్చిన వందలమంది తెలుగువాళ్లలో మా నాన్న ఒకరు. నాకు పన్నెండేళ్లు. గుంటూరులో ఆరో తరగతి ఫస్టున పాసైనవాణ్ణి, ఇక్కడ క్లాసులో టీచరమ్మ అడిగింది అర్థం కాక గోడ చూస్తూ కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఖాళీ. ఆ రోజుల్లో నాన్న ఎవరింటి ముందో సామాన్లు అమ్ముతుంటే ఒక పాత గేమ్ బాయ్, దాంతోపాటు ఎరుపు క్యాసెట్టు కొనుక్కొచ్చారు. ఇటుకంత ఉండేది. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు మింగేది. తెర వెనక లైటు లేదు. రాత్రి కారులో వెళ్తుంటే, వీధి దీపం దాటినప్పుడల్లా వచ్చే వెలుగులో ఒక అడుగు వేసి, చీకట్లో ఆగి, మళ్లీ దీపం వచ్చాక ఇంకో అడుగు వేసేవాణ్ణి.

రాక్ టన్నెల్ అనే చీకటి గుహలో నా మచాప్‌ని పట్టాను. దానికి భీమ అని పేరు పెట్టుకున్నాను. 28 దాటి మచోక్ అయింది. ఆ పైన ఏం చేసినా కదలదు. ఆట చివర్లో ఎదురయ్యే నలుగురు, ఎలైట్ ఫోర్‌లో బ్రూనో దగ్గర 58వ లెవెలు మచాంప్‌ని చూసి అప్పటికే పిచ్చెక్కిపోయి ఉన్నాను.

పక్క బిల్డింగులో నా ఈడు కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాడి దగ్గర ఊదా రంగు గాజులా లోపలి భాగాలన్నీ కనపడే గేమ్ బాయ్ కలర్. స్కూలు బస్సు కోసం నిలబడ్డప్పుడు వాడే నా ఇటుకని చూసి దగ్గరికొచ్చాడు. వాడికి తెలుగు రాదు, నాకు వాడి ఇంగ్లీషు అందదు. వాడు తెర చూపించాడు, నేను చూపించాను. వాడి దగ్గరా మచోక్ ఉంది. ఇద్దరం ఒకేసారి నాలుగు వేళ్లు చూపించుకున్నాం.

కేబుల్ వాడి దగ్గర ఉంది. తెచ్చి పెట్టబోతే నా ఇటుకకి పట్టదు. పాత గేమ్ బాయ్ కంత పెద్దది, కొత్తదానికి చిన్నది. ఒక చివర పెద్దది, ఇంకో చివర చిన్నది ఉండే కేబుల్ దొరికేదాకా రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ వాడు రోజూ బస్సులో నా పక్కనే కూర్చున్నాడు.

ఆ శనివారం వాళ్లింటి మెట్ల మీద కూర్చున్నాం. ఆటలోని పోకెమాన్ సెంటర్‌లో కుడి పక్క బల్ల దగ్గర ఉన్న ఆవిడతో మాట్లాడాలి. ముందు ఆట సేవ్ చేసుకోమంటుంది. ఇద్దరం ఒకేసారి నొక్కాం. కేబుల్ కదిలితే పోతుందని మోకాళ్లు ఆనించుకుని బిగుసుకుని కూర్చున్నాం. తెర మీద గేమ్ బాయ్ బొమ్మ, దాని నుంచి తీగ, ఆ తీగలో దొర్లుకుంటూ పోయే చిన్న బంతి. ఆ బంతిలో నా భీమ ఉన్నాడు. నా తెర మీద నుంచి వెళ్లిపోయాడు.

ఈ ముక్క ఇప్పటి పిల్లలకి ఎలా చెప్పినా ఎక్కదు. నా మచోక్ మచాంప్ అవడం నా తెర మీద జరగదు. వాడి తెర మీద జరుగుతుంది. నేను ఇన్నాళ్లు పెంచినదానికి చేతులు మొలవడం చూడాలంటే వాడి భుజం మీదుగా వంగి చూడాలి. వాడిది చూడాలంటే వాడు నా మీదకి వంగాలి. ఇద్దరం తలలు కొట్టుకునేలా వంగి ఒకరి తెర ఒకరం చూశాం. నాలుగు చేతులు. ఇద్దరం అరిచిన అరుపుకి వాళ్లమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

అయ్యాక తిరిగి మార్చుకోవాలి, రివాజు అదే. వాడు ఎందుకో తల అడ్డంగా ఊపాడు. నా గుండె ఆగింది. తర్వాత అర్థమైంది, ఉంచేసుకుందాం అంటున్నాడు. నాది నీకు, నీది నాకు. చేయి మారినది ఒకటిన్నర రెట్ల అనుభవంతో త్వరగా పెరుగుతుంది, ఆ లెక్క వాడికి తెలుసు. కానీ కారణం అది కాదని నాకు అప్పుడే అనిపించింది. మార్చుకున్నదాని మీద అసలు యజమాని పేరు ఎప్పటికీ ఉంటుంది, మనం ముద్దుపేరు మార్చుదామన్నా ఆట ఒప్పుకోదు. అలా వాడి ఆటలో ఒక మచాంప్‌కి భీమ అని తెలుగు పేరు ఉండిపోయింది. నా ఆటలో ఒక మచాంప్ మీద వాడి మూడక్షరాల పేరు ఉండిపోయింది.

ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన మా నాయనమ్మ ఒకసారి మచాంప్ బొమ్మ ఉన్న కార్డు చేతిలోకి తీసుకుని, "నాలుగు చేతులుండి ఒక్క చేతిలోనూ ఆయుధం లేదేమిరా ఈయనకి?" అంది. దేవుడి పటాల్లో నాలుగు చేతులు చూసి పెరిగిన మనిషి అడగాల్సిన ప్రశ్నే. ఉత్త చేతులే నాయనమ్మా, అన్నాను. "అయితే మంచివాడే" అని కార్డు ఇచ్చేసింది.

ఆవిడ అన్నది నిజం. మచాంప్ అంత నిజాయితీగా కొట్లాడే పోకెమాన్ ఇంకోటి లేదు. మొదటి ఆటల్లో దాని బతుకు కష్టంగా ఉండేది. మనసుతో కొట్టే సైకిక్ జాతిదే రాజ్యం, సాఫ్రాన్ ఊళ్లో ఆ జాతి నాయకురాలు సబ్రీనా ముందు నిలబడితే పాపం పడిపోయేది. కరాటే చాప్ అనే దెబ్బని కూడా అప్పుడు మామూలు దెబ్బగానే లెక్కేశారు, రెండో తరం ఆటల్లో గానీ దాని సొంత జాతి ఫైటింగ్ కింద చేర్చలేదు. సబ్‌మిషన్ అనే పట్టు పడితే ఎదుటివాడికి తగిలినదాంట్లో నాలుగో వంతు తనకే తగిలేది. అయినా మేం దాన్నే ముందు పెట్టి ఆడేవాళ్లం. 2006లో డైమండ్, పెర్ల్ వచ్చాక దానికి 'నో గార్డ్' అనే గుణం ఇచ్చారు. అది కొట్టిన దెబ్బ తప్పదు, దాని మీదకి వచ్చిన దెబ్బా తప్పదు. సగం సార్లు గురి తప్పే డైనమిక్ పంచ్ దాని చేతిలో ఒక్కసారీ తప్పదు. తను తప్పుకోదు, ఎదుటివాణ్ణి తప్పుకోనివ్వదు. ఇచ్చింది ఎవరో గానీ దాని మనసు తెలిసి ఇచ్చారు. సున్నితమైన పని చెప్తే మాత్రం దాని చేతులు ఒకదానికొకటి చిక్కుపడిపోతాయని ఆటలోని పుస్తకంలో రాసి ఉంటుంది.

2016లో సన్, మూన్ ఆటల్లో దాన్ని పిలిస్తే మనం ఆడించే పిల్లాణ్ణి రెండు చేతుల్లో ఎత్తుకుని, మిగతా రెంటితో బండలు తోసేది. అది చూసి సంతోషపడ్డాను. కొత్తదల్లా చెడ్డదని నేను అనడం లేదు.

ఆ మొదటి ఆటలోనే వెర్మిలియన్ అనే రేవు ఊళ్లో ఒక ముసలాయన ఉంటాడు. ఇల్లు కడతానని తన మచాప్‌తో ఖాళీ స్థలం తొక్కిస్తుంటాడు. మూడేళ్ల తర్వాతి కథగా వచ్చిన గోల్డ్, సిల్వర్‌లో వెళ్లి చూస్తే ఇంకా తొక్కిస్తూనే ఉన్నాడు, కట్టడానికి డబ్బు లేదట. ఆ మచాప్ పక్కన ఆగకుండా నేను ఆ ఊరు ఎప్పుడూ దాటలేదు. ఇప్పటి ఆటల్లో అలా ఆగే తీరిక ఎవరికుంది? బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు పరుగు.

కార్డుల సంగతి చెప్తే కడుపు మండుతుంది. 1999లో ఇంగ్లీషులో వచ్చిన ఇద్దరు ఆడుకునే స్టార్టర్ డబ్బాలో మచాంప్ కార్డు ఒకటి మెరుస్తూ ఉండేది. 100 హెచ్‌పీ, 60 దెబ్బ. ఇద్దరు ఆడుకునే డబ్బాలోనే అది ఉండేది, విడి ప్యాకెట్లలో వచ్చేది కాదు. దాని మీద ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉంటుంది, ఆ డబ్బా కొన్న ప్రతివాడికీ ఆ ముద్రే. ఇప్పుడు దాన్ని గాజు పెట్టెలో పెట్టి అరుదైన నిధి అని అమ్ముతున్నారు. నాకు తెలిసిన ఒకాయన వాళ్లబ్బాయి పుట్టినరోజుకని అలా కొని మోసపోయాడు. మా బస్సులో పదిమంది దగ్గర ఉండేది అది. అంచులు అరిగిపోయి, వేలిముద్రలు పడి. వాడిన కార్డు అలాగే ఉంటుంది.

2017 వేసవిలో ఫోన్లో ఆడే పోకెమాన్ గోలో గుంపుగా కొట్లాడే రెయిడ్లు మొదలైనప్పుడు మాత్రం మా రోజులు తిరిగొచ్చాయనుకున్నాను. టైరానిటార్ లాంటి గట్టి పోకెమాన్ వచ్చిందంటే అందరికీ మచాంప్‌లే కావాలి. పార్కులో బెంచీ దగ్గర ముక్కూమొహం తెలియని జనం పోగై, ఇరవై మంది దాకా ఒక గుంపుగా చేరి, తలో ఆరు దింపేవాళ్లం. ఒకావిడ చీకట్లో మా అందరికీ బిస్కెట్లు పంచింది. 2020లో కరోనా వచ్చి ఇంట్లోంచే చేరే పాసులు పెట్టారు. అప్పుడది అవసరమే, కాదనను. కరోనా పోయింది, పాసులు మాత్రం ఉండిపోయాయి. బెంచీ ఖాళీ అయింది.

ఇక ఆ తాడు. 2022లో వచ్చిన లెజెండ్స్ ఆర్సియస్‌లో దాన్ని తెచ్చారు. లింకింగ్ కోర్డ్ అట, మన కేబుల్‌కి గుర్తుగా పెట్టారట. మచోక్‌కి అది వాడితే చాలు, మచాంప్. ఒంటరిగా ఆడే పిల్లలకి అన్యాయం జరగకూడదని చేశారంటారు. ఒంటరిగా ఉన్న పిల్లాణ్ణి నేనూ. నాకు న్యాయం చేసింది ఆ కష్టమైన నియమమే. ఆ తాడు అప్పుడు ఉండుంటే నేను మా గదిలో కూర్చుని, వాడి గదిలో వాడు కూర్చుని, ఇద్దరికీ రెండు మచాంప్‌లు ఉండేవి. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. అదే ఏడాది చివర్లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్‌లో అయితే మచాంపే లేదు. మచాప్ కూడా లేదు. మొదటి ఆట నుంచి మోసినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టారు.

మా వాడికి ఎదురింట్లో ఈడైన స్నేహితుడు ఉన్నాడు. ఇద్దరి దగ్గరా ఆ తాడున్న ఆటే ఉంది. "వాడితో మార్చుకోవచ్చు కదరా" అన్నాను. "ఎందుకు నాన్నా, తాడుందిగా" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. మేడ మీదకెళ్లి అట్టపెట్టెలోంచి ఇటుక తీసి, పెన్సిల్ బ్యాటరీలు నాలుగు వేసి, ఎరుపు క్యాసెట్టు పెట్టాను. వాడికి చూపిద్దామని. పాట వచ్చింది. మెనూ వచ్చింది. కంటిన్యూ అని ఉండాల్సిన చోట కొత్త ఆట అని ఉంది. ఆ క్యాసెట్టు లోపల సేవ్‌ని కాచే బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది, దానికీ ఒక ఆయుష్షు.

నా బస్సు స్నేహితుడి మచాంప్‌ని నేను కాపాడలేకపోయాను. ఏడో తరగతి అయ్యాక వాళ్లు ఒహాయో వెళ్లిపోయారు. వాడి నీలం క్యాసెట్టు ఏ సొరుగులో ఉందో, ఆ బిళ్లలో ఇంకా కాస్త జీవం మిగిలి ఉంటే, అందులో భీమ ఉన్నాడు.