నేను రంగు చదువుతాను

పామిడిలో ఒక చిన్న ల్యాబులో ఉండే సెమీ ఆటో ఎనలైజర్‌ను నేను. నా లోపల ఒక బల్బు, కొన్ని ఫిల్టర్లు, సీరం వచ్చి నిలిచే సన్నటి గాజు గది. బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు మాది. కుట్టుమిషన్ ముందు నుంచి లేచి వచ్చినవాళ్లూ, పెన్న ఒడ్డు పల్లెల నుంచి ఆటోల్లో దిగినవాళ్లూ "కండ్లు పచ్చగా ఉండాయి సార్, పసిరికలేమో చూడండి" అంటారు.

టెక్నీషియన్ రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన సీరం తీస్తాడు. దాన్ని కిటికీ దగ్గర మాత్రం పెట్టడు. మా ఎండ తగిలితే, కామెర్లలో కండ్లను పచ్చబరిచే బిలిరుబిన్ విరిగిపోతుంది, నేను తక్కువ చూపిస్తాను. రీయేజెంట్ కలిపితే గులాబీ రంగు తేలుతుంది. అందులోకి 546 నానోమీటర్ల వెలుగు పంపి, ఎంత మింగిందో కొలుస్తాను. బిలిరుబిన్ 1.2 లోపు ఉండాలి. రెండు, మూడు దాటితే గానీ కంట్లో పసుపు తెలియదు. ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ సుమారు 40 లోపు ఉండాల్సింది, వైరస్ కాలేయం మీద పడ్డప్పుడు వేలల్లోకి పోతుంది.

కాలేయానికి ఎంత దెబ్బ తగిలిందో చెబుతాను. కొట్టిన వైరస్ ఏదో తేల్చడానికి వేరే పరీక్షలు కావాలి. కరువు సీమలో కొళాయి రోజూ రాదు. ఖాళీ పైపు పగుళ్లలోంచి పక్క కాలువ మురికి లోపలికి చేరుతుంది. అలా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరు మందుకు పోతుంది! బీ, సీ రకాలు రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకూ వచ్చి, ఏళ్ల తరబడి పైకి కనబడకుండా కాలేయాన్ని గట్టిపరుస్తాయి.

ఒకసారి ఒక పెద్దామె కోడల్ని తీసుకొచ్చింది.

"ఎన్నో నెలమ్మా?"

"ఎనిమిది సార్. పసరు తాపించినాం, పత్యం పెట్టినాం."

బిలిరుబిన్ తొమ్మిది దాటింది. టెక్నీషియన్ వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాడు. ఆ పొద్దే అనంతపురం పెద్దాసుపత్రికి పంపించారు. చివరి నెలల్లో హెపటైటిస్ ఈ సోకిన గర్భిణుల్లో నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఇంట్లో పసరుకు పోయిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఇక బీ రకం సంగతి. ఈ పెన్న చివరికి చేరే నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి, హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో హెపటైటిస్ బీ టీకాను సామాన్యుడికి అందే ధరలో తెచ్చారు. ఇప్పుడది పసిబిడ్డలకు సర్కారు ఉచితంగా వేస్తుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద బీ, సీలకు పరీక్షలూ మందులూ ఉచితం.

గర్భిణి కండ్లు పచ్చబడితే అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు బీ టీకా వేశారా అని అడగండి.