పులిహోర సిద్ధం, పడవే రావాలి

మా పడవ విహారానికి బీజం పడింది ఉస్మాన్ రోడ్డు మీద, మోకాటి లోతు నీళ్లలో. దీపావళికి ముందు ఆదివారం. ఒక చేత్తో పట్టుచీరల సంచి నెత్తికెత్తుకుని, రెండో చేత్తో చెప్పులు పట్టుకుని, కాళ్లతో తడుముకుంటూ పానగల్ పార్కు వైపు వస్తున్నాం. ఉన్నట్టుండి మా బావగారు ఆగి, "ఏం బావా, ఈ చలికాలం అందరం కలిసి పులికాట్ పోయి పడవెక్కితే ఎలా ఉంటుంది?" అన్నారు. సరిగ్గా అప్పుడే ఒక ఆటో అలలు రేపుకుంటూ పక్కనుంచి పోయింది. నేను చెప్పబోయిన జవాబు ఆ నీళ్లతోపాటు మళ్లీ గొంతులోకే దిగిపోయింది. మౌనం అర్ధాంగీకారం అని బావగారు లెక్కేసుకున్నారు.

నీళ్లలో నిలబడి, నీళ్లు చూడ్డానికి అరవై కిలోమీటర్లు పోదామనే ఆలోచన మా చెన్నై టి. నగర్ గాలికి తప్ప పుట్టదు. మా పేటే ఒకప్పుడు చెరువు. నుంగంబాకం నుంచి సైదాపేట దాకా వంపు తిరిగి పరుచుకున్న పొడుగాటి చెరువును 1920లలో ఎండగట్టి, ఇళ్లస్థలాలు వేసి, జస్టిస్ పార్టీ పెద్ద పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. పార్కుకేమో పానగల్ రాజావారి పేరు. ఇద్దరూ మనవాళ్లే కాబట్టి చెరువు పోయిన ఘనతలో తెలుగువాళ్ల వాటా భద్రంగానే ఉంది. రైలుపట్టాల అవతల పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు అని ఇప్పటికీ ఒకటుంది. రోడ్డుంది, వ్యూ ఉంది, లేకే లేదు. చెరువు మాత్రం తన చిరునామా మరిచిపోలేదు. 2015 డిసెంబరులో ఒకసారి, 2021 నవంబరులో ఒకసారి పుట్టింటికొచ్చి నాలుగు రోజులుండి పోయింది. మనం దానికి వరద అని పేరు పెట్టి, కార్పొరేషన్‌ను తిట్టి, మోటార్లతో తోడించి పంపించేశాం.

సరే, ఇంటికొచ్చి తల తుడుచుకునేలోగా వాట్సాప్ గ్రూపు పుట్టేసింది. మా అపార్ట్‌మెంటులోని తెలుగు కుటుంబాలు, వాళ్ల చుట్టాలు, "మేమూ తెలుగువాళ్లమే, కాకపోతే ఇంట్లో తమిళం మాట్లాడుకుంటాం" అనే రెండో అంతస్తువాళ్లు, వెరసి ముప్పై ఎనిమిది మంది.

గ్రూపుకు పేరు పెట్టడానికే మూడు రోజులు పట్టింది. పులికాట్ అనేది దొరల నోట్లో నలిగిన పేరు. తమిళంలో పళవేర్కాడు. అచ్చంగా మనది ప్రళయకావేరి. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు ఆ సరస్సూ, దాని చుట్టూ బతికిన తెలుగూ కొత్త కాదు. ఆ పేరే పెడదామన్నాను. వెంటనే మా అత్తయ్య వాయిస్ మెసేజ్ వచ్చింది: "పేరులోనే ప్రళయం పెట్టుకున్న చోటికి పిల్లల్నేసుకుని పడవలో పోదామంటావేంటయ్యా!" నాలుగో తరగతి మేనల్లుడు పులి ఉంటుందా అని అడిగాడు. ఉండదన్నాను. పోనీ క్యాట్? చేపలు దించే చోట అది తప్పకుండా ఉంటుందని మాటిచ్చాను. చివరికి 'పులిహోర టు పులికాట్' అని ఖాయమైంది. అందరికీ ఇష్టమైన సగం ముందుంది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మూడో అంతస్తు రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు ఎక్సెల్ షీటు తెరిచారు. ఎవరెవరు ఉల్లిపాయ తింటారు, ఎవరికి షుగరు, ఎవరికి బస్సులో వాంతులు, అన్నిటికీ గళ్లు గీశారు. ఈత వచ్చా అనే గడి ఒకటి పెట్టమన్నాను. అపశకునం మాటలొద్దన్నారు. పడవకు ఉండాల్సిన లక్షణాల జాబితా విడిగా తయారైంది. పైన గొడుగుండాలి. సీట్లకు మెత్తలుండాలి. పడవ ఊగకూడదు. నీళ్లు నీచు వాసన రాకూడదు. ఫ్లెమింగోలు కుడిచేతి వైపే ఉండాలి, ఎందుకంటే కింది పోర్షనావిడకు ఫోటోలో ఆ వైపు ముఖమే బాగా పడుతుంది.

ఇక తేదీ. పిల్లల పరీక్షలని జనవరి వద్దన్నారు. ఫిబ్రవరి నిండా పెళ్లిళ్లు. మార్చిలో ఆదాయపన్ను. కాబట్టి ఏకగ్రీవంగా మే. ఫ్లెమింగోలు వానాకాలం చివర దిగి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయనీ, మే నాటికి సరస్సు ఉత్తరపు కొస చాలామటుకు ఎండి నేల బీటలు తీస్తుందనీ మెల్లగా విన్నవించుకున్నాను. "ముందే చెప్పి ఉంచితే కొన్నయినా ఆగవా?" అన్నారొకరు. "నీళ్లు లేకపోతే మరీ మంచిది, ఎవరూ మునగరు" అన్నారు అత్తయ్య.

ఆవిడ మాటకు నవ్వాను గానీ ఆ నవ్వు నిలవలేదు. 2011 క్రిస్మస్ నాడు పళవేర్కాడులో విహారానికి బయల్దేరిన పడవ తిరగబడి 22 మంది పోయారు. వాళ్లలో పిల్లలున్నారు. వాళ్లూ మనలాగే అన్నాలు మూటగట్టుకుని, ఫోటోలు దిగుతూ ఎక్కినవాళ్లే. ఆ తర్వాత తమిళనాడు వైపు పర్యాటకులను పడవల్లో తిప్పడం నిషేధించారు. ఇదంతా గ్రూపులో రాశాను. చేతులు జోడించిన బొమ్మలు పదకొండు వచ్చాయి. పన్నెండో మెసేజ్: "నిషేధం ఆఫీసువాళ్ల మాట. రేవులో నిలబడితే ఎవరో ఒకరు వచ్చి 'బోటింగా సార్?' అని అడుగుతారు, రేటు మాట్లాడుకోవచ్చు." లైఫ్ జాకెట్లు ఇస్తారా అని అడిగాను. ఇస్తారట గానీ, వేసుకుంటే ఫోటోలో లావుగా పడతామట.

అందుకని ఆంధ్రా వైపు చూశాం. సరస్సులో పెద్ద వాటా అటే ఉంది. 1976లో అటు భాగాన్ని, 1980లో ఇటు భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అలాంటి చోట షికారుకైనా, ఫోటోకైనా అటవీశాఖ అనుమతి కావాలి. అభయారణ్యం అంటే అభయం ఎవరికి, ఎవరి నుంచి అనే ప్రశ్న మా గ్రూపులో ఎవరికీ తట్టలేదు. ముప్పై ఎనిమిది మందీ అది తమకే అనుకున్నారు.

నేను ఫోన్లు మొదలుపెట్టాను. ఒక ఆఫీసులో "పక్షులు మావి, పడవలు మావి కావు" అన్నారు. రెండో ఆఫీసు, పడవల సంగతి చూస్తాం గానీ నీళ్ల సంగతి తమది కాదంది. మూడోచోట ఫోనెత్తినాయన ఓపిగ్గా అంతా విని, "మీరు చెన్నై నుంచా? అయితే అటువైపే చూసుకోండి సార్, సరస్సు ఒకటే కదా" అన్నాడు. ఇంత వేదాంతం నేను వెంకటనారాయణ రోడ్డు దేవస్థానంలో ప్రవచనాల్లో కూడా వినలేదు. ఫ్లెమింగో మాత్రం తమిళనాట మేసి, ఆంధ్రలో కునుకు తీసి, సాయంత్రానికి మళ్లీ ఇటొస్తుంది. దాన్ని ఎవరూ ఏ వైపని అడగరు.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో తడ దగ్గర బీవీపాళెంలో బోటింగ్ పెడతారు. 2025లో అది జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది. ఆ సంగతి చెబితే, "పండగంటే జనం ఉంటారు, ప్రశాంతత ఉండదు" అని ముఖం చిట్లించారు. ఈ మాట అన్నవారు ముప్పై ఏళ్లుగా రంగనాథన్ వీధి పక్కన కాపురముంటున్నారు.

ఈ తంతు నడుస్తుండగా నేను చదువుకున్నదాంట్లో అసలు చిక్కు బయటపడింది. ఆ సరస్సు సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. ఫ్లెమింగో దిగేది అంతకంటే పలచటి నీటిలో. పొడుగు కాళ్ల మీద నిలబడి, మెడ వంచి, ముక్కు తలకిందులు చేసి బురదనీటిని వడగట్టుకుని తింటుంది. అంటే ఫ్లెమింగో నిలబడ్డ చోట పడవ కదలదు. పడవ హాయిగా కదిలే చోట ఫ్లెమింగో నిలబడదు. వాటిని చూడాలంటే పడవే అక్కర్లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డుంది. దాని పక్కన ఆగి, ఒక బైనాక్యులర్, ఒక టోపీ, నోరు మూసుకుని అరగంట నిలబడే ఓర్పు ఉంటే చాలు. మొదటి రెండూ మా దగ్గరున్నాయి.

"పడవ లేకపోతే అది పడవ ప్రయాణం ఎలా అవుతుంది బావా?" అన్నారు బావగారు. తర్కంలో తప్పు పట్టలేకపోయాను.

చరిత్రకు ఒక అరగంట కేటాయించాలని మేనేజరుగారి షరతు. చెప్పాను. 1613లో డచ్చివాళ్లు పళవేర్కాడులో గెల్డ్రియా అనే కోట కట్టారు. ఇప్పుడు కోట కంటే వాళ్ల సమాధులే చూడదగ్గట్టున్నాయి, ద్వారం దగ్గర చెక్కిన అస్థిపంజరాలతో సహా. వాళ్లొచ్చింది కోరమాండల్ గుడ్డ కోసం. గుడ్డల మూటలతోపాటు మనుషుల్నీ బానిసలుగా ఓడలెక్కించారు. బలవంతపు పడవ ప్రయాణాల్లో అంత పకడ్బందీ ప్లానింగు మళ్లీ చూడం. పాలయకాట్ లుంగీ అన్న మాటలో ఆ ఊరి పేరు ఇంకా బతికే ఉంది. ఇదంతా విని మా ఆవిడ అడిగింది: "ఆ గుడ్డ అక్కడ ఇప్పుడు దొరుకుతుందా?" మన వీధి చివరే దొరుకుతుందన్నాను. "మరి అంతదూరం ఎందుకు?" నాలుగు వందల ఏళ్ల వాణిజ్య చరిత్ర అక్కడితో ముగిసింది.

మెనూ మాత్రం ఒక్క గంటలో తేలిపోయింది. ఇంతటి సామర్థ్యం మాలో ఉందని మాకే తెలియదు. రెండు రకాల పులిహోర, ఒకటి చింతపండు, ఒకటి నిమ్మకాయ. దద్దోజనం. మసాలా వడలు. మెత్తబడని మురుకులు. మధ్యాహ్నానికి బిరియానీ, శాకాహారులకు విడి పడవ. పిల్లలకు చిప్స్. వీటన్నిటికీ వాడిపారేసే ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు. పారేయడం ఎక్కడ అంటే, "అంత పెద్ద సరస్సు కదా!" పాటలకు బ్లూటూత్ స్పీకరు. పక్షులు బెదురుతాయంటే, ఇళయరాజా పాటలే పెడతామన్నారు. అందరికీ గులాబీరంగు టీషర్టులు, ఫ్లెమింగోలతో మ్యాచింగ్. ఆ పక్షికి ఆ రంగు అది తినే నాచు నుంచి, రొయ్యపురుగుల నుంచి వస్తుందని చెప్పాను. తిన్నదాని రంగు ఒంటికి పట్టేదైతే మా వంశం ఈపాటికి పసుపుపచ్చగా మెరిసిపోవాలి.

సూళ్లూరుపేట దాటి కాస్త పైకి పోతే నేలపట్టు. అక్కడి చెరువులో నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద పెలికాన్లు, మనవాళ్ల మాటలో గూడబాతులు, గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్టలు కలిసిన నీరు పైరుకు మంచిదని రైతులు ఆ పక్షుల్ని ఇంటి అల్లుళ్లలా చూసుకుంటారు. అతిథి వచ్చి పోయాక వరి ఏపుగా పెరుగుతుంది. మేం వచ్చి పోయాక ఏం పెరుగుతుందో ఎక్సెల్ షీటులో గడి లేదు. మమ్మల్ని మరీ అనకండి, మా ప్లాస్టిక్ గ్లాసు ఎంతటిది? సరస్సుకు దక్షిణాన కాట్టుపల్లి రేవును ఎన్నో రెట్లు పెంచాలనే ప్రతిపాదన మీద జాలర్లు ఏళ్ల తరబడి వద్దు మొర్రో అంటున్నారు. కొందరి పిక్నిక్ పెద్దది.

ఆ జాలర్ల దగ్గర 'పాడు' అని ఒక కట్టు ఉంది. ఏ రోజు, సరస్సులో ఏ చోట, ఎవరు వల వేయాలో వంతులు వేసుకుంటారు. చీటీలు తీసి తేల్చుకుంటారు. తరాలుగా నడుస్తోంది. మీన్లు చాలవు, మనుషులు ఎక్కువ, అయినా అందరికీ వంతు వస్తుంది. దానికి గ్రూపు అడ్మిన్ లేడు. తెలుగులో పాడు అంటే ఇంకో అర్థం కూడా ఉంది కదా, మా గ్రూపు ఆ రెండో అర్థంలో నడిచింది. బస్సులో కిటికీ సీట్ల దగ్గర ఇద్దరు తోడికోడళ్లకు మాటామాటా పెరిగింది. ఒకరు గ్రూపు నుంచి వెళ్లిపోయారు. ఆవిణ్ని బతిమాలడానికి ఇంకో గ్రూపు పుట్టింది. మేనేజరుగారు అడ్వాన్సు వసూళ్ల లెక్క చెప్పమంటే అలిగారు.

మే మూడో ఆదివారం వచ్చింది. పులిహోర కలిపేశాం. టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకు నీడన కూర్చుని తిన్నాం. టీషర్టులు అందరికీ సరిపోయాయి, ఒక్క బావగారికి తప్ప.

నవంబరులో మళ్లీ వాన పట్టుకుంది. రెండు రోజులు ఎడతెరిపి లేదు. మూడో రోజు తెల్లారి బాల్కనీలోంచి చూస్తే సెల్లారు నిండిపోయి, వాకిలి, వీధి ఒక్కటైపోయాయి. మేనేజరుగారి కారు అద్దాల దాకా మునిగి ఉంది. ఆ కారు పైకప్పు మీద ఒక గుడ్డికొంగ. మెడ లోపలికి ముడుచుకుని, కిందికి చూస్తూ, తాతల నాటి గట్టు మీద నిలబడ్డంత ధీమాగా నిలబడి ఉంది. అత్తయ్య నాలుగు ఫోటోలు తీసి 'పులిహోర టు పులికాట్'లో పెట్టారు. ఏడాదిలో ఆ గ్రూపులో పడిన మొదటి పక్షి అదే.

నిమిషం తిరక్కుండానే తాంబరం నుంచి బావగారి మెసేజ్: "నాకు చెప్పకుండా వెళ్లారా! ఏ రేవులో ఎక్కారు? మనిషికి ఎంత తీసుకున్నాడు?"