గేదెల గ్రూపు అడ్మిను

పాత గుంటూరు సందుల్లో ఇంటిపేరు పెట్టి అడిగితే ఆయనెవరో ఎవరూ చెప్పలేరు. ‘గేదెల గ్రూపు అడ్మిను’ అనండి, గోలీలాడే పిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. రేకుల పాకలో నాలుగు ముర్రా గేదెలు, చేతిలో అద్దం పగిలిన ఫోను, అందులో పదకొండు వాట్సాప్ గ్రూపులు. ఎక్కువ మేపు గ్రూపులకే.

తెల్లారగట్ల పాలు పితికేది ఆయన భార్య. ఆ సమయానికి ఈయన మిర్చి యార్డులో నిన్న తేజ రకం ఎంత పలికిందో ఫార్వర్డు చేస్తుంటాడు. సెంటు మిరప చేను లేదు. “నీకెందుకు మావా?” అంటే, “వచ్చిన సమాచారం ఊరికే పోనియ్యకూడదు అల్లుడూ” అంటాడు.

ఒక్క విషయంలో ఆ ఫోనుకు దండం పెట్టాలి. చుట్టుపక్కలంతా మిరప, పత్తే. మిరప కట్టెను గేదె ముట్టదు, పత్తి కట్టె పొయ్యిలోకే పోతుంది. వరిగడ్డి తెనాలి వైపు నుంచి ట్రాక్టరెక్కి రావాలి. ఏ డ్రైవరు ఏ పేటలో దించుతున్నాడో, పత్తిచెక్క బస్తా ఏ కొట్లో చవకో ఆయన నాలుక మీదే ఉంటుంది.

ఇక విజ్ఞానం. బ్రెజిల్ నెలోర్ మందల వీడియోలు రాత్రి పొద్దుపోయేదాకా చూస్తాడు. అవి మన ఒంగోలు జాతి సంతతే. ఆ జాతి మీద పరిశోధన చేసే లాం ఫారం అమరావతి రోడ్డులో ఆటో దూరం. ఇంతవరకూ గుమ్మం తొక్కలేదు.

మొన్నొక పొద్దున భార్య కేకేసింది: “పెద్దగేదె పాలు తగ్గించింది, తీగలేస్తంది. ఎదకొచ్చింది, సూది వేయించాల.”

గేదెల్లో మూగ ఎద జాస్తి. అరవకపోవచ్చు, పితికే చెయ్యే పసిగట్టాలి.

“ఉండవే, గ్రూపులో పెడతా.”

ఫొటో చూసి ఒంగోలాయన గొంతువాపన్నాడు. నరసరావుపేటాయన దిష్టన్నాడు. ఒకాయన సంతాపం తెలిపాడు. ఇంకొకాయన “ఎంతకిస్తావు?” అన్నాడు. కిసాన్ కాల్ సెంటరు 2004 నుంచీ ఉంది, తెలుగులోనే జవాబు చెబుతుంది. సంచార పశువైద్య వాహనానికి 1962 ఉంది. ఆ రెండు నంబర్లూ అందరికీ పంపించేది ఈయనే, తను మాత్రం ఒక్కసారీ నొక్కలేదు. సూది వేసే గోపాలమిత్ర ఇల్లు సందు చివరే.

గేదె ఎద రోజుకు మించి నిలిచేది తక్కువ. గ్రూపు ఒక మాట మీదికి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. మళ్లీ ఎదకు 21 రోజులు. అందాకా గడ్డి, తవుడు, పత్తిచెక్క ఖర్చు గ్రూపు పెట్టుకోదు, అడ్మినే పెట్టుకోవాలి.