కత్తి పెట్టలేని గుండెలో

నేను గుండె కవాటాన్ని. పశువు గుండె చుట్టూ ఉండే పలుచని పొరలోంచి మూడు రెక్కలు కత్తిరించి, స్టీలు స్టెంటులో కుట్టారు నన్ను.

నేను పుట్టకముందే నన్ను వద్దన్నవాళ్ళు చాలామంది. ఫ్రాన్స్‌లోని రూఆ నగరంలో అలాన్ క్రిబియే అనే డాక్టరు 1985లో, గట్టిపడిన బృహద్ధమని కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేయడం మొదలుపెట్టారు. ఆయాసంతో అల్లాడే ముసలివాళ్ళు లేచి తిరిగారు. నెలలు గడిచేసరికి దారి మళ్ళీ మూసుకుపోయేది. తెరిచిన చోటే కొత్త కవాటాన్ని దించేస్తే? డెన్మార్క్‌లో ఆండర్సన్ 1989లోనే పంది గుండెలో అలా చేసి చూపించినా, పెద్ద కంపెనీలు కుదరదు పొమ్మన్నాయి. చివరికి 1999లో క్రిబియే కొందరితో కలిసి చిన్న కంపెనీ పెట్టి, ఇజ్రాయెల్ ఇంజనీర్ల చేత నాకు రూపం ఇప్పించారు.

2002 ఏప్రిల్ 16. నన్ను అమర్చాల్సిన మనిషికి 57 ఏళ్ళు. బీపీ పడిపోయింది. ఛాతీ కోస్తే బతకడని సర్జన్లు చేతులెత్తేశారు. కాళ్ళ ధమనులూ పూడుకుపోయాయి. అందుకే తొడలోని సిర గుండా కుడి కర్ణికకు, కర్ణికల మధ్య గోడకు చిల్లు పెట్టి ఎడమవైపుకు, అక్కణ్ణించి జఠరిక మీదుగా పైకి తీసుకెళ్ళారు నన్ను, బెలూను చుట్టూ గొడుగులా ముడిచి.

పాత రెక్కలకు సున్నం పేరుకుని కదలిక చచ్చిపోయింది. మధ్యలో ఉన్న సన్నని సందులోంచే రక్తం చిమ్ముతోంది. కాస్త పైనే గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల నోళ్ళు. కొన్ని మిల్లీమీటర్లు పైకి జరిగితే వాటిని నేనే మూసేస్తాను. కిందికి జారితే మైట్రల్ కవాటానికి అడ్డుపడతాను. బెలూను ఉబ్బింది. 23 మిల్లీమీటర్ల వెడల్పుకు విచ్చుకున్నాను. అన్నాళ్ళూ ఆయన ప్రాణం తీస్తున్న ఆ సున్నపు గడ్డలే నన్ను కదలకుండా పట్టుకున్నాయి! బెలూను తీసెయ్యగానే నా రెక్కలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. బీపీ లేచింది.

నాలుగు నెలలకు ఆయన పోయారు. కాలి జబ్బు ముదిరింది. నా రెక్కలు చివరిదాకా సరిగానే పనిచేశాయి గానీ, మనిషే దక్కనప్పుడు ఆ మాట గొప్పగా చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు.

2010లో, నాలాంటి కవాటాలను రోగులలో పరీక్షించిన పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్‌కు పనికిరారన్నవాళ్ళలో మామూలు వైద్యంతో ఏడాదిలో నూటికి సుమారు 51 మంది పోతే, నా తర్వాతివాళ్ళను అమర్చుకున్నవారిలో 31 మంది పోయారు. పక్షవాతం మాత్రం ఎక్కువగా కనిపించింది. అదీ చెప్పాలి.

ఇప్పుడు గుజరాత్‌లోని వాపిలో కూడా నా జాతి తయారవుతోంది. ఖర్చు ఇంకా లక్షల్లోనే. అంతకన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. నాలుగడుగులకే ఆయాసపడి అరుగు మీద కూలబడే అవ్వను చూసి, వయసు మీద పడిందిలే అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటున్నారు. ఒక్కసారి స్టెతస్కోపు పెట్టి వినమనండి. కవాటం గట్టిపడి ఉంటే, దాని సన్నని సందులోంచి దూసుకొచ్చే రక్తపు రొద చాలాసార్లు మెడ దాకా వినిపిస్తుంది.