ఖాళీ పీరియడు మాస్టారు

కొరాపుట్, రాయగడ జిల్లాల హైస్కూళ్లలో ఈయన్ని ఇట్టే పోల్చుకోవచ్చు. చేతిలో డస్టరు, చంకలో దిద్దాల్సిన నోటుబుక్కుల కట్ట, ముఖాన ‘ఇవాళ కూడా నేనేనా?’ అన్న ప్రశ్న. లెక్కల మాస్టారు మలేరియాతో మంచం పట్టినా, మజ్జిగౌరమ్మ చైత్ర జాతరకు సెలవు పెట్టినా, హెడ్‌మాస్టరు గారి కలం ఖాళీ పీరియడ్ల రిజిస్టర్లో వచ్చి ఆగేది ఈయన పేరు దగ్గరే. ఒడియా సాహిత్యం చదువుకున్న ఈ పెద్దమనిషి తొమ్మిదో తరగతి బీజగణితం గంటలోకి వెళ్లి ముందుగా బోర్డు తుడుస్తాడు. తుడిచిందే మళ్లీ తుడుస్తాడు. తేదీ వేసి, హాజరు రాసి, కింద గీత గీస్తాడు. అది వంకరపోతే చెరిపి మళ్లీ గీస్తాడు. అక్కడికి ఐదు నిమిషాలు ఖర్చు. ఆ పైన మానిటర్ని పిలిచి, మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డెక్కించమంటాడు. ఒడియా పిల్లలకు ‘చుప్ రుహ’, తెలుగు పిల్లలకు ‘నోర్మూయండి’, కువి, సవర పిల్లలకు మూతి మీద వేలు. 1936 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ కొండసీమలో అన్ని భాషలవాళ్లకూ ఒక్కలాగే బోధపడే పాఠం బహుశా ఇదే.

అయితే తప్పంతా ఆయన నెత్తిన రుద్దడం అన్యాయం. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 2009 విద్యాహక్కు చట్టం అడిగేది భాషలకు, సోషల్‌కు, లెక్కలు–సైన్సుకు కలిపి కనీసం ఒక్కో టీచరునే. ఆ ఒక్కరూ రాకపోతే ఆ గంటకు వెళ్లేది వేరే సబ్జెక్టు వారు కాక మరెవరు? పైగా జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం పనులకు టీచర్లను పంపవచ్చని అదే చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. అంటే ఈ ఖాళీ ఎప్పుడో పొరపాటున వచ్చేది కాదు. ఏటా వస్తుందని తెలిసి కూడా మనం దానికి ఇచ్చే సరంజామా ఒక డస్టరు. నా ఫిర్యాదల్లా ఆ గంటలో మిగిలే నిశ్శబ్దం గురించే. నిన్న ఒడియాలో విన్న లెక్కను ఒక కువి పిల్ల పక్కపిల్లకు తన భాషలో విడమరిచి చెప్పగలిగే వ్యవధి టైంటేబుల్లో ఈ గంటకే ఉంది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల పేరు బోర్డెక్కుతుంది!

తెలియని సబ్జెక్టు చెప్పబోయి తప్పు నేర్పితే, కటక్ బోర్డు పదో తరగతి పరీక్షలో పూచీ ఎవరిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆయన్ని కొత్త పాఠం ఎత్తుకోమని ఎవరన్నారు? నిన్నటి లెక్కలే పిల్లలు జట్లుగా చేసుకుంటే సరిపోతుంది, ఆయన తన పుస్తకాలు దిద్దుకోవచ్చు. గోల అవుతుందంటారా? అవుతుంది. పక్క క్లాసువాళ్లు విసుక్కుంటారు కూడా. ఏమీ నేర్వని మౌనం కన్నా ఆ గోలే నయం. హెడ్‌మాస్టర్లకు ఒక్క మనవి: రిజిస్టర్లో క్లాసు, పీరియడు, సంతకం పక్కన ‘చేయించాల్సిన లెక్కలు’ అని మరో గడి గీయించండి. సెలవు పెట్టే మాస్టారి చేతే దాన్ని నింపించండి.