గొందిపథం: ఒక వన్ టౌన్ వ్యాయామ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

భారవి రాసిన కిరాతార్జునీయానికి కోలాచలం మల్లినాథసూరి చేసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. ఘంటాపథమంటే రాచబాట. మల్లినాథుడు మన మెదక్ సీమ కొలిచారం పండితుడు. ఆ కావ్యంలో అర్జునుడు తపస్సు చేసిన ఇంద్రకీలాద్రి తమ కొండేనని బెజవాడ వాళ్ల నమ్మకం. కొండ కింద వన్ టౌన్‌లో మాత్రం రాచబాటలు తక్కువ. ఎదురెదురుగా రెండు స్కూటర్లొస్తే ఏదో ఒకటి వెనక్కి తగ్గాల్సిన సందులే ఎక్కువ. అందుకని ఈ వ్యాఖ్యకు గొందిపథమని నామకరణం జరిగింది.

మూలపద్యం ప్రాచీనం కాదు. రెండు గదుల వాటాలో ఉంటూ ఒళ్లు వంచాలనుకునే గృహస్థు కోసం ఈ వ్యాసంతో పాటే పుట్టింది. ఛందస్సు ఆటవెలది. యతి ఎక్కడా తప్పలేదు.

మూలం

తాడు మెట్టు బస్త దండిగా నుండగా
గదిని మించు గదకు కట్ట నేల
కొంచె కొంచె మెత్తి కూడబెట్టు బలము
కొండమెట్ల వీథి గొందివాసి!

ప్రతిపదార్థం

కొండమెట్ల వీథి గొందివాసి = కొండ మెట్ల దారిలో, గొందిలో కాపురముండే ఓ గృహస్థుడా; తాడు = దండెం తాడు, గెంతే తాడు, రబ్బరు తాడు; మెట్టు = ఇంటి ముందరి మెట్టు; బస్త = బియ్యం బస్తా; దండిగాన్ + ఉండగాన్ = కావలసినంత ఉండగా; గదిని మించు = గది కంటె పెద్దదైన; గదకున్ = వ్యాయామ యంత్రానికి; కట్టన్ + ఏల = వాయిదాలు కట్టడమెందుకు; కొంచె కొంచెము + ఎత్తి = ఇవాళ కొంత, రేపు మరికొంత బరువెత్తి; బలమున్ = సత్తువను; కూడబెట్టు = పోగుచెయ్యి.

వ్యాఖ్య

తాడు: పద్యం మంగళవాచకంతో కాక తాడుతో ఎందుకు మొదలైందని కొందరు అడగవచ్చు. వన్ టౌన్ వాటాలో అడుగుపెట్టగానే మొహానికి తగిలేది దండెం తాడే గనక, అనుభవాన్ని బట్టి అదే ముందు రావాలి. తాడుతో గెంతడం మంచి వ్యాయామమే గాని మేడ మీద వాటాలో ఉన్నవారికి పనికిరాదు. యాభై గెంతులు పూర్తయ్యేలోగా కింది వాటా వారు తలుపు తడతారు. కాబట్టి ఇక్కడ తాడంటే ముఖ్యార్థం రబ్బరు తాడని గ్రహించాలి.

దాని గుణం వేరు. ఇనప డంబెల్ ఎత్తడం మొదలుపెట్టినప్పుడు ఎంత బరువో పైకెత్తాక కూడా అంతే బరువు. రబ్బరు తాడు సాగే కొద్దీ బిగుస్తుంది. దాన్ని కాలి కింద తొక్కిపెట్టి లాగితే చేతులకు, తలుపు రెక్కకు బిగించి లాగితే వీపుకు, నడుము చుట్టూ తిప్పి కూచుని లేస్తే తొడలకు పని. మడిచి జేబులో పెట్టుకునే వస్తువు ఒంట్లో ఇన్ని చోట్ల పని చేయిస్తుంది. కొత్తది కొనాల్సిన పని కూడా లేదు. లారీ బాడీలు కట్టే ఆటోనగర్ ఉన్న ఊళ్లో పాత ట్యూబుకు కరువేమిటి? సైకిల్ ట్యూబైతే చేతులకు సరిపోతుంది. ఎండకు రబ్బరు చిట్లుతుంది గనక డాబా మీద ఆరేయకూడదు. లాగే ముందు పగుళ్లేమైనా ఉన్నాయేమో చూడాలి. తలుపుకు కట్టేటప్పుడు తలుపు మన వైపు తెరుచుకోకూడదు.

తాడు మహిమను దూరదేశాల వారూ ఆలస్యంగానైనా గుర్తించారు. 1997లో రాండీ హెట్రిక్ అనే అమెరికా నౌకాదళ కమాండో జిమ్ లేని చోట డ్యూటీలో ఉండి, సామాన్లలో పొరపాటున వచ్చిన జుజుట్సు నడికట్టును తలుపుకు బిగించి, దానికి వేలాడుతూ కసరత్తు చేశాడు. తర్వాత పారాచూట్ పట్టీలు జోడించాడు. ఇవాళ టీఆర్ఎక్స్ పేరుతో జిమ్ముల్లో వేలాడే పట్టీల పుట్టుక అదీ. విలువిద్య నేర్చేవాళ్లు కూడా విల్లు పట్టకముందు రబ్బరు తాడు లాగుతూ భుజాలు వేడెక్కించుకుంటారు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది ఈ ఊరే. అర్జునుడు తపస్సు చేసిన ఊళ్లో తాడు లాగడానికి నామోషీ ఎందుకు?

మెట్టు: ఇది కొండవాసులకు పుట్టుకతో దక్కిన ఆస్తి. ఇల్లు చేరాలంటే మెట్లు, నీళ్లు కావాలంటే మెట్లు, మరిచిపోయిన కరివేపాకుకూ మెట్లే. అమ్మవారి కొండకు మొక్కుకున్న ఆడవాళ్లు మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి, బొట్టు పెట్టి, లేచి, పై మెట్టెక్కుతారు. దాన్ని మెట్ల పూజ అంటారు. భక్తి సంగతి అమ్మవారికి తెలుసు. వ్యాయామశాస్త్రం ప్రకారం చూస్తే అది నడుమూ మోకాళ్లూ తొడలూ ఒక్కసారే పాల్గొనే నిండు కసరత్తు.

అయితే లెక్క మరవకూడదు. అరవై కిలోల మనిషి వంద మెట్లెక్కితే ఒంట్లో ఖర్చయ్యేది ఇంచుమించు పది కేలరీలు. అంచేత మెట్లెక్కొచ్చామన్న ధీమాతో పెసరట్టు ఉప్మా మీద మరో ప్లేటు చెప్పడం శాస్త్రసమ్మతం కాదు.

మెట్టులో ఇంకో అర్థం దాగుంది. నేల మీద దండీ తీస్తే చేతుల మీద పడే భారం ఒంటి బరువులో సుమారు 64 శాతం. చేతులు రెండడుగుల ఎత్తున, అంటే ఇంచుమించు నాలుగో మెట్టు మీద ఆనిస్తే 41 శాతం. అడుగెత్తున ఆనిస్తే 55 శాతం. చేతులు నేల మీద, పాదాలు అడుగెత్తున పెడితే 70 శాతం. నాలుగో మెట్టు దగ్గర మొదలుపెట్టి నెల నెలా ఒక్కో మెట్టు కిందికి దిగుతూ పోయినవాడు బలంలో పైకెక్కుతుంటాడు. దిగుతూ ఎక్కడమనే ఈ విరోధాభాసాలంకారం సిమెంటు మెట్లకు తప్ప వేరే యంత్రానికి లేదు.

బస్త: బస్తా అనే మాటే ఛందస్సు కోసం కురచైంది, సరుకు మాత్రం తగ్గలేదు. పైగా పెరిగింది. 2022 జూలై 18 నుంచి పాతిక కిలోల వరకున్న ప్యాకింగ్ బియ్యం మీద ఐదు శాతం జీఎస్టీ పడటంతో, పాతిక కిలోల బస్తా 26 కిలోలైంది. ఏ వ్యాయామ గురువూ చెప్పకుండానే రాష్ట్రంలోని గృహస్థులు ఒక్క కిలో అదనంగా ఎత్తడం మొదలుపెట్టారు.

బస్తాను తల మీద కాక రొమ్ముకు హత్తుకుని గుంజీలు తీయాలి. అప్పుడు నడుము నిటారుగా నిలుస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. నెల మొదట్లో నిండుగా ఉన్న బస్తా రోజూ వండుకు తినే కొద్దీ తేలికవుతుంది. బలం పెరగాల్సిన చోట బరువు తగ్గుతోందన్నమాట. కాబట్టి కొత్తవారు ఇరవయ్యో తారీఖు దాటాక మొదలుపెట్టాలని వ్యాఖ్యాత నిర్ణయం. బియ్యంతో ఆటలేమిటని ఇంట్లో పెద్దవాళ్లు కేకలేస్తే ఇసుక ఉంది. లీటరు సీసాలో నీళ్లు పోస్తే కిలో, పొడి ఇసుక పోస్తే సుమారు కిలోన్నర పైచిలుకు. ఒకే సీసాకు రెండు బరువులు. నిండు గ్యాస్ సిలిండర్ జోలికి వెళ్లవద్దు. లోపలి గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్ఫైకి దగ్గర.

దండిగా: శ్లేష. కావలసినంత అని ఒక అర్థం, దండీలకు పనికొచ్చేలా అని ఇంకొకటి. రెండో అర్థం వ్యాకరణానికి నిలవదు గాని నేల మీద నిలుస్తుంది.

గదిని మించు గదకు కట్ట నేల: గది, గద అనే మాటల మధ్య తేడా గుడి ఒక్కటే. పదడుగుల గదిలో ఏడడుగుల యంత్రం దింపితే ఆ తేడా కూడా పోతుంది. కట్ట అన్న క్రియకు ఇక్కడ వాయిదా కట్టడమనే అర్థం చెప్పుకోవాలి. మొదటి వాయిదా నాటికి యంత్రం మీద మనిషి ఉంటాడు, మూడో వాయిదా నాటికి తువ్వాలు, ఆరో వాయిదా నాటికి చలికాలం దుప్పట్లు. వన్ టౌన్ బట్టల మార్కెట్ వస్త్రలతలో కొన్నవన్నీ ఆరేసుకోవడానికి అంత ఖరీదైన దండెం అక్కర్లేదు.

భీముడికి గద ఉంది కదా అంటారు. భారతం విరాటపర్వం చూడండి. ఆయుధాలన్నీ జమ్మిచెట్టు మీదికి చేరాయి. భీముడు వలలుడనే పేరుతో ఏడాది పొడుగునా వంటింట్లో ఉన్నాడు. ఏడాది గద ముట్టనివాడు జీమూతుడనే మల్లుణ్ని పడగొట్టాడు, కీచకుణ్ని చేతులతోనే చంపాడు. ఆ ఏడాది ఆయన చేతికందిన సామగ్రి గంగాళాలు, గుండిగలు, కట్టెల మోపులు. 1963లో వచ్చిన నర్తనశాలలో ఆ వలలుడి వేషం కట్టింది కృష్ణా జిల్లావాడే, దండమూడి రాజగోపాలరావు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఏషియన్ గేమ్స్‌లో బరువులెత్తి కంచు పతకం తెచ్చినవాడు. బెజవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

అర్జునుడి సంగతీ అంతే. కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో పోరులో అమ్ములు అయిపోయాయి, విల్లు పోయింది. కిరాతార్జునీయం పద్దెనిమిదో సర్గలో మిగిలింది వట్టి చేతులతో కుస్తీయే. పాశుపతం దొరికింది ఆ కుస్తీ తర్వాతే.

కొంచె కొంచె మెత్తి: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పన్నెండు సార్లు సునాయాసంగా ఎత్తగలిగాక గాని బరువు పెంచకూడదు. ఆ పెంచడం కూడా కాస్తంతే. ఉదాహరణకు 2000 సిడ్నీ ఒలింపిక్స్. శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస వైపు నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తింది. స్వర్ణానికీ రజతానికీ లెక్క 242.5. ఆఖరి ప్రయత్నంలో ఆమె ముందున్న బరువు 137.5, అంటే ఒక్కసారే ఏడున్నర కిలోల పెంపు. అది లేవలేదు. భారత మహిళకు తొలి ఒలింపిక్ పతకంగా కంచు వచ్చింది. ఒలింపిక్ వేదిక మీద అలాంటి దూకుడుకు కారణాలుంటాయి. వరండాలో ఇసుక సీసా ఎత్తే గృహస్థుకు ఏ కారణమూ లేదు.

కూడబెట్టు: చీటీ పాటలు ఎరిగిన ఊరికి ఈ క్రియ విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవారికి చెప్పిన వాయిదా ఇది: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు తగ్గకుండా కండరాలకు బరువు. ఆదివారం ఒక్కరోజే మొత్తం కట్టేస్తానంటే సోమవారం మెట్లు దిగడం కష్టం.

శంక

ఇక్కడ శిష్యుడు చెయ్యెత్తాడు. "అయ్యా, బస్తాలు మోస్తే బలం వస్తుందంటే, కాళేశ్వరరావు మార్కెట్లో రోజంతా మూటలు మోసే ముఠా కూలీకి సాయంత్రానికి నడుం నొప్పెందుకండీ? కొండ మీదికి సిలిండర్ చేరవేసే కుర్రాడికి మోకాళ్లెందుకు అరుగుతాయి?"

సమాధానం

"నాయనా, అడగాల్సిన మాట అడిగావు. అది శ్రమ, ఇది వ్యాయామం. మనసుకు నచ్చి, మోతాదు చూసుకుని చేసే చేష్టనే చరకుడు వ్యాయామమన్నాడు. ఉన్న బలంలో సగం వరకే చేయమని, నోటితో ఊపిరి తీసే స్థితి రాగానే ఆపమని సుశ్రుతుడు హద్దు గీశాడు. ముఠా కూలీకి ఆ హద్దు ఎవరు గీస్తారు? బరువును సరుకుదారు నిర్ణయిస్తాడు, వేళను లారీ నిర్ణయిస్తుంది. ఎప్పుడూ అదే భుజం, అదే వంగుడు, విశ్రాంతి రోజు కూలి లేదు. మనకేమో బరువు మనిష్టం, ఆపడం మనిష్టం. ఆ కుర్రాడు సిలిండర్ దింపాక ముందు మంచినీళ్లిచ్చి కూచోమను. దండీల సంగతి తర్వాత."

శిష్యుడు కూచున్నాడు. పక్క వాటా బాబాయ్ గారు మాత్రం, "మరి మోకాలు నొప్పున్నవాళ్ల మాటేమిటయ్యా?" అన్నారు. మెట్లు ఎక్కడం కంటె దిగడంలోనే మోకాలి మీద ఒత్తిడి ఎక్కువ. అలాంటివారు మెట్టు మాని, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూచోవడంతో మొదలుపెట్టాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవారు వైద్యుణ్ని అడిగిన తర్వాతే బస్తా ముట్టాలి. మే నెలలో అందరూ తెల్లవారకముందే ముగించాలి. బెజవాడను బ్లేజ్‌వాడ అన్నది ఊరికే కాదు.

తాత్పర్యం

ఓ గొందివాసీ, నీ వాటాలో తాడుంది, గడపలో మెట్టుంది, మూలన బస్తా ఉంది. గదిని మింగే యంత్రానికి వాయిదాలు కట్టకు. వారానికి రెండు రోజులు ఈ మూడింటితో పని చెయ్యి, బరువు కొంచెం కొంచెంగా పెంచు.

పాఠకులకు ఒక మనవి. బస్తా రొమ్ముకెత్తే ముందు మూతి కుట్టు ఒకసారి చూసుకోండి. మెట్ల మీద ఒలికిన బియ్యం ఏరుతూ తీసే గుంజీలు లెక్కలోకి రావు.